కౌంటీ బోర్డు ముందు మన గోడు చెప్పుకోవడం ఎలా? అమెరికాలో, వర్జీనియా లౌడన్‌లో ఉంటున్న మనవాళ్ల కోసం

సాయంత్రం వాకింగ్‌కి వెళ్తుంటే కాలనీ చివర ఖాళీ స్థలంలో కొత్తగా ఒక బోర్డు పాతి ఉంటుంది. దాని మీద ఏదో అప్లికేషన్ నంబరు, హియరింగ్ (జనం మాట వినే మీటింగ్) తేదీ. ఎవరో ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతారు. అరగంటలో రెండొందల మెసేజ్‌లు. "డేటా సెంటరంట", "ఇళ్ల రేట్లు పడిపోతాయి", "ఈసారి ఊరుకోకూడదు", మధ్యలో ఒకాయన గుడ్ ఈవెనింగ్ పువ్వులు. తీరా హియరింగ్ రోజు కౌంటీ కేంద్రం లీస్‌బర్గ్ వెళ్లి చూస్తే మన గ్రూపు నుంచి వచ్చింది నలుగురు. అందులో ఒకరు ఇంకా పార్కింగ్ వెతుక్కుంటూ ఉంటారు.

మొదటిసారి వెళ్లిన ఆ నలుగురిలో నేనూ ఉన్నాను. అయిదు పేజీలు రాసుకెళ్లాను. రెండో పేజీ సగంలో ఉండగా టైమ్ అయిపోయిందని ఎర్ర లైటు వెలిగింది. అసలు నేను అడగాలనుకున్నది నాలుగో పేజీలో ఉంది. ఆ తర్వాత చాలాసార్లు వెళ్లాను, వెళ్లేవాళ్లకి సాయం చేశాను. తెలిసొచ్చిందేమిటంటే, మైకు ముందు గడిపే ఆ రెండు మూడు నిమిషాలకి ముందు నెల రోజుల పని ఉంటుంది, తర్వాత ఇంకో ఏడాది పని ఉంటుంది. ఆ పని ఎలా చేయాలో ఇక్కడ చెబుతాను. ఉదాహరణలన్నీ వర్జీనియాలోని లౌడన్ కౌంటీవి. వేరేచోట ఉన్నవాళ్ల కోసం చివర్లో కొంచెం రాశాను.

ముందు ఆ పని ఎవరి చేతిలో ఉందో తేల్చుకోండి

మనకి ఊళ్లో పంచాయతీ, పట్నంలో మున్సిపాలిటీ, పైన కలెక్టరు. సోమవారం ప్రజావాణికి వెళ్లి అర్జీ ఇస్తే అది ఏ శాఖదైతే ఆ శాఖకి వాళ్లే పంపిస్తారు. ఇక్కడ కూడా అలాగే ఉంటుందనుకుని వెళ్తే టైమ్ వేస్టు. తలుపు తప్పితే మూడు నిమిషాలూ పోయినట్టే. బోర్డు సభ్యులు మర్యాదగా తలూపుతారు, థాంక్యూ అంటారు, తర్వాతి పేరు పిలుస్తారు.

అష్‌బర్న్‌కి మేయర్ లేడు. బ్రాంబుల్టన్, సౌత్ రైడింగ్, ఆల్డీ, స్టెర్లింగ్... వీటికీ లేడు. లౌడన్‌లో సొంత కౌన్సిల్ ఉన్న పట్టణాలు ఏడే: లీస్‌బర్గ్, పర్సెల్‌విల్, మిడిల్‌బర్గ్, హామిల్టన్, హిల్స్‌బరో, లవెట్స్‌విల్, రౌండ్ హిల్. మిగతా అంతటికీ కౌంటీయే దిక్కు. అంటే మనవాళ్లలో ఎక్కువమందికి అన్నిటికన్నా దగ్గరి ప్రభుత్వం కౌంటీని నడిపే బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్సే. తొమ్మిది మంది ఉంటారు. చైర్‌ని కౌంటీ మొత్తం ఎన్నుకుంటుంది, మిగతా ఎనిమిది మందినీ ఒక్కో డిస్ట్రిక్ట్ ఎన్నుకుంటుంది. నాలుగేళ్ల పదవి, కిందటి ఎన్నికలు 2023 నవంబరులో జరిగాయి.

ఇంతవరకు తేలికే. చిక్కంతా ఆ తొమ్మిది మంది చేతిలో లేనివాటితోనే వస్తుంది.

రోడ్డు మీద గుంత ఉందా? వర్జీనియాలో ఆర్లింగ్టన్, హెన్రైకో తప్ప మిగతా కౌంటీల్లో రోడ్ల నిర్వహణ రాష్ట్ర రవాణా శాఖది, అందరూ వీడాట్ అంటారే, దానిది. 1932 నుంచీ ఇంతే. గుంతకి వీడాట్ వెబ్‌సైట్‌లో రిపోర్ట్ చేస్తే పని అయిపోతుంది, బోర్డు దాకా అక్కర్లేదు. అయితే కొత్త ఫుట్‌పాత్, క్రాస్‌వాక్, రోడ్డు వెడల్పు లాంటివాటికి కౌంటీ సొంత డబ్బు పెడుతుంది కాబట్టి వాటికి బోర్డు సరైన చోటే. కొత్త కాలనీ అయితే ఇంకో మెలిక. ఆ వీధుల్ని వీడాట్ ఇంకా తీసుకుని ఉండకపోవచ్చు, అప్పుడు బిల్డర్‌దే బాధ్యత. లేదా అది హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ప్రైవేటు రోడ్డు కావచ్చు.

ఏ ఇంటి పిల్లలు ఏ స్కూలుకో చెప్పే స్కూల్ బౌండరీలు మారుస్తున్నారని కోపమా? అది స్కూల్ బోర్డు పని, వేరే ఎన్నికలు, వేరే బిల్డింగు. కానీ వర్జీనియాలో స్కూల్ బోర్డుకి పన్ను వేసే అధికారం లేదు. డబ్బు ఇచ్చేది సూపర్‌వైజర్లే. అందుకని "మా స్కూల్లో టీచర్లు చాలట్లేదు" అన్న మాట రెండు చోట్లా చెప్పాలి, ఒక్కోచోట ఒక్కోరకంగా.

ఇంటి వాల్యుయేషన్ ఎక్కువ వేశారా? మీ ఒక్క ఇంటి విలువ గురించి బోర్డుకి చెప్పి లాభం లేదు. దాన్ని లెక్కకట్టేది కమిషనర్ ఆఫ్ ది రెవెన్యూ, ఆయన విడిగా ఎన్నికైన అధికారి. అక్కడ అప్పీలు చేసుకోవాలి. పన్ను రేటు ఎంత ఉండాలన్నది మాత్రం సూపర్‌వైజర్లదే. 2025కి వాళ్లు పెట్టిన రేటు ప్రతి వంద డాలర్ల విలువకి 80.5 సెంట్లు. వీధిలో కార్లు స్పీడుగా పోతున్నాయంటే షెరీఫ్, అంటే కౌంటీ పోలీసు అధిపతి. షెరీఫ్ కూడా విడిగా ఎన్నికైనవాడే, బోర్డు కింద ఉద్యోగి కాదు.

ఇక హై టెన్షన్ కరెంటు లైన్లు. ఇది చాలామందికి మింగుడుపడదు. మన పెరటి వెనక నుంచి టవర్లు వెళ్తుంటే కౌంటీ ఆపలేదా అని అడుగుతారు. ఆ నిర్ణయం రిచ్‌మండ్‌లో ఉండే స్టేట్ కార్పొరేషన్ కమిషన్‌ది. కౌంటీ తన అభిప్రాయం చెప్పగలదు, వాదనలో పాల్గొనగలదు, అంతే. కాబట్టి బోర్డుని "లైను ఆపండి" అని కాకుండా "కమిషన్ ముందు మా తరఫున నిలబడండి" అని అడగాలి. మీరు కూడా కమిషన్ జరిపే హియరింగ్‌లో విడిగా చెప్పాలి.

ఎవరి పనో తేలకపోతే సూపర్‌వైజర్ ఆఫీసుకి ఫోన్ చేసి అదే అడగండి. ఇది ఎవరు చూస్తారు? ఒక్క ప్రశ్న. దానికి ఎవరూ ఏమీ అనుకోరు.

ఏ దశలో ఉందో కనుక్కోండి

డేటా సెంటర్ (వేల కంప్యూటర్లు నడిచే పెద్ద భవనం) ఉదాహరణే తీసుకుందాం, మన దగ్గర దాన్ని మించిన గొడవ లేదు. ప్రపంచంలో ఇన్ని డేటా సెంటర్లు ఒకేచోట ఉన్న ప్రాంతం మరొకటి లేదు. వాటి మీద వచ్చే పన్ను వల్లే మన ఇంటి పన్ను ఈ మాత్రం తక్కువలో ఉందన్న సంగతి కూడా మర్చిపోకండి, ఎందుకంటే బోర్డులో ఎవరూ మర్చిపోరు.

ఒక స్థలంలో ఏదైనా కట్టాలంటే రెండు దారులు. జోనింగ్ (ఏ స్థలంలో ఏం కట్టొచ్చో చెప్పే రూల్స్) ప్రకారం అక్కడ ఆ పని ముందే అనుమతించి ఉంటే హియరింగే ఉండదు, ప్లాన్ చూసి అధికారులే సంతకం పెడతారు. దీన్ని బై రైట్ అంటారు. అలా కాకపోతే రీజోనింగో (ఆ స్థలం జోన్ మార్చడం), స్పెషల్ ఎక్సెప్షనో (బోర్డు విడిగా ఇచ్చే అనుమతి) కావాలి. అప్పుడు హియరింగ్ ఉంటుంది, మన మాటకి చోటుంటుంది. లౌడన్‌లో చాలాకాలం కొన్ని జోన్లలో డేటా సెంటర్లు బై రైట్‌గానే వచ్చేవి. 2025 మార్చిలో బోర్డు ఆ పద్ధతి మార్చి, కొత్తవాటికి స్పెషల్ ఎక్సెప్షన్ కావాలంది. అంతవరకు నోరు మెదపడానికి లేని చోట ఇప్పుడు మాట్లాడే వీలుందంటే, ఇలాంటి మార్పు వల్లే.

హియరింగ్ ఉండే ఫైలు వెళ్లే వరస ఇలా ఉంటుంది. అప్లికేషన్ పడుతుంది. స్టాఫ్ నెలల తరబడి దాన్ని పరిశీలించి కంపెనీకి ప్రశ్నలు పంపుతారు. తర్వాత ప్లానింగ్ కమిషన్ హియరింగ్. వీళ్లని సూపర్‌వైజర్లు నియమిస్తారు, వీళ్లు సిఫార్సు మాత్రమే చేస్తారు. ఆ తర్వాత బోర్డు పబ్లిక్ హియరింగ్. ఆ రాత్రే ఓటు వేయొచ్చు, కమిటీకి పంపొచ్చు, తర్వాతి బిజినెస్ మీటింగ్‌కి వాయిదా వేయొచ్చు.

మనవాళ్లు సాధారణంగా మేలుకునేది ఆఖరి దశలో. అప్పటికి కంపెనీ వకీలు స్టాఫ్‌తో పదిసార్లు కూర్చుని ఉంటాడు, సూపర్‌వైజర్లని ఒక్కొక్కరినీ కలిసి ఉంటాడు. ప్లానింగ్ కమిషన్ దగ్గర అడిగిన చెట్లు, గోడ, దూరం లాంటివి ప్లాన్‌లోకి ఎక్కడం తేలిక. బోర్డు ఓటు వేసే రాత్రి అడిగితే ఎవరైనా ఏం చేస్తారు?

బడ్జెట్ సంగతి వేరు. కౌంటీ ఆర్థిక సంవత్సరం జులై 1న మొదలవుతుంది. కౌంటీ అడ్మినిస్ట్రేటర్ ఫిబ్రవరిలో ప్రతిపాదన పెడతారు, హియరింగులు అయ్యాక ఏప్రిల్లో ఖాయం చేస్తారు. క్రాస్‌వాక్‌కో లైబ్రరీకో డబ్బు కావాలంటే మాట్లాడాల్సింది చలికాలంలోనే. మే నెలలో వెళ్తే పెళ్లయ్యాక బాజాలు తెచ్చినట్టుంటుంది.

కాగితాలు చదవండి

వాట్సాప్‌లో వచ్చిన ఫోటో చాలదు. స్థలంలో పాతిన బోర్డు మీద ఉన్న అప్లికేషన్ నంబరుతో కౌంటీ వెబ్‌సైట్‌లో వెతికితే మొత్తం ఫైలు దొరుకుతుంది. మీటింగ్‌కి కొన్ని రోజుల ముందు ఎజెండాతో పాటు స్టాఫ్ రిపోర్టు కూడా పెడతారు. ఆ రిపోర్టే అసలు పుస్తకం. నలభై యాభై పేజీలుంటుంది. భయపడకండి. ముందు సారాంశం, తర్వాత "అపరిష్కృతంగా ఉన్న అంశాలు" అన్న భాగం చదవండి. స్టాఫ్‌కే నచ్చనివి అక్కడ రాసి ఉంటాయి. మీ బాధ వాటిలో ఒకదానికి కలిస్తే సగం గెలిచినట్టు. "మీ స్టాఫ్ రిపోర్టు ఫలానా పేజీలో చెప్పినట్టు" అని మొదలుపెడితే తలలు పైకి లేస్తాయి, నేను చూశాను.

ఫైల్లో లేనిది కావాలంటే సమాచార హక్కు వాడుకోవచ్చు. మన ఆర్టీఐలో 30 రోజులు, ఇక్కడి చట్టంలో 5 పనిదినాల్లో జవాబు ఇవ్వాలి. అవసరమైతే ఇంకో 7 పనిదినాలు పొడిగించుకుంటారు. "అన్ని ఈమెయిళ్లూ ఇవ్వండి" అని అడక్కండి, బిల్లు చూసి కళ్లు తిరుగుతాయి. తేదీలు, విషయం స్పష్టంగా రాసి, ఖర్చు అంచనా ముందే చెప్పమనండి.

మీటింగ్ కన్నా ముందు సూపర్‌వైజర్‌ని కలవండి

ఇది నా సొంత అభిప్రాయం, కానీ గట్టి అభిప్రాయం: మైకు దగ్గర మూడు నిమిషాల కన్నా ఆఫీసులో పదిహేను నిమిషాలు మేలు. ప్రతి సూపర్‌వైజర్‌కీ ఇద్దరు ముగ్గురు సిబ్బంది ఉంటారు. సూపర్‌వైజరే దొరకాలని పట్టుబట్టకండి. ఈ పనులు చూసే సహాయకుడో సహాయకురాలో దొరికితే చాలు, ఫైలు లోతుపాతులు తెలిసింది వాళ్లకే. ముగ్గురు వెళ్లండి, పదిమంది వద్దు. ఒక పేజీ కాగితం, ఒక మ్యాపు. స్వీట్ బాక్సు తీసుకెళ్లొద్దు, మన అలవాటు మంచిదే అయినా అక్కడ వాళ్లని ఇబ్బంది పెడతాం.

సంతకాల గురించి ఒక మాట. మేము ఆన్‌లైన్ పిటిషన్ పెట్టి నాలుగు వందల పైచిలుకు సంతకాలు సంపాదించాం. ఎంతో గర్వంగా చూపించాం. ఆ ఆఫీసులో కూర్చున్న అమ్మాయి ప్రింటు తిరగేసి "ఇందులో మా డిస్ట్రిక్ట్ వాళ్లు ఎంతమంది?" అని నెమ్మదిగా అడిగింది. హైదరాబాద్‌లో ఉన్న మా మేనమామ కూడా సంతకం పెట్టాడని అప్పుడు చూశాం. రెండోసారి అరవై ఇళ్లే తిరిగాం. వీధి పేరు, డిస్ట్రిక్ట్ ఉన్న అరవై సంతకాలు. ఆ కాగితం ఫైల్లోకి వెళ్లింది.

ఇంకో లెక్క. తొమ్మిది మందీ ఓటేస్తే గెలవడానికి అయిదు కావాలి. మీ సూపర్‌వైజర్ మీవైపే ఉన్నా అది ఒక్క ఓటే. మిగతా నలుగురు ఎవరు? వాళ్ల డిస్ట్రిక్టుల్లో మీ ఫ్రెండ్స్ ఉంటారు, కంపెనీలో, గుళ్లో, పిల్లల క్రికెట్లో. వాళ్ల చేత వాళ్ల సూపర్‌వైజర్‌కి ఈమెయిల్ రాయించండి. అందరూ ఒకే మెయిల్ కాపీ కొట్టి పంపితే దాన్ని ఒకటిగానే లెక్కేస్తారు. నాలుగు లైన్లయినా సొంతంగా రాయాలి.

వీసా మీద ఉన్నవాళ్లు మాట్లాడొచ్చా?

ఈ ప్రశ్న నన్ను పక్కకి పిలిచి అడుగుతారు. మాట్లాడొచ్చు. ఓటు వేయడానికి సిటిజన్ అయి ఉండాలి కానీ బోర్డు ముందు మాట్లాడటానికి అక్కర్లేదు. ఇల్లు, పన్ను, పిల్లల స్కూలు ఇక్కడే కదా. మైకు దగ్గర ఎవరూ స్టేటస్ అడగరు.

రెండు జాగ్రత్తలు మాత్రం. మీరు మాట్లాడింది వీడియోలో రికార్డవుతుంది, ఆన్‌లైన్‌లో ఉండిపోతుంది. మీరు పంపిన ఈమెయిల్ కూడా పబ్లిక్ రికార్డే. ఇప్పుడున్న టెన్షన్లలో అది వద్దనుకుంటే తప్పేం లేదు. లెక్కలు, ఫోటోలు మీరు తయారు చేయండి, పక్కింటి సిటిజన్ మాట్లాడతారు. రెండోది, ఎన్నికల చందా. హెచ్1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్లు స్థానిక ఎన్నికల్లో కూడా అభ్యర్థులకి డబ్బు ఇవ్వకూడదు, ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు ఇవ్వొచ్చు. ఫండ్‌రైజింగ్ డిన్నర్‌కి పిలిచారని మొహమాటపడి చెక్కు రాయకండి.

పేరు ఇవ్వడం

ముందుగా పేరు ఇవ్వాలి. ఆన్‌లైన్‌లో, ఫోన్లో లేదా అక్కడికక్కడే, ఏది ఎప్పటివరకు అన్నది ఆ మీటింగ్ ఎజెండా మొదట్లోనే రాసి ఉంటుంది. రూల్స్ మారుతుంటాయి, నా మాట నమ్మకుండా అది చూడండి. పబ్లిక్ హియరింగ్ అయితే ఆ అంశం గురించే మాట్లాడాలి. మామూలు మీటింగ్‌లో ఉండే పబ్లిక్ ఇన్‌పుట్‌లో ఏ విషయమైనా ఎత్తొచ్చు. అమ్మానాన్నలు తెలుగులో చెప్పాలనుకుంటే క్లర్కుకి కొన్ని రోజుల ముందే చెప్పి అనువాదం సంగతి అడగండి.

ఆ మూడు నిమిషాలు

రెండున్నరో మూడో, ఎంతిచ్చినా సరే, అంతకన్నా ఒక పావు తక్కువకి రాసుకోండి. ఇంగ్లీషులో 300 మాటలు దాటొద్దు. మనం టెన్షన్లో వేగంగా మాట్లాడతాం, యాస తోడైతే సగం అర్థం కాదు. నెమ్మదిగా చెబితే 300 మాటలకే టైమ్ అయిపోతుంది.

మామూలుగా మనవాళ్లు ఎలా మొదలుపెడతారో చూడండి: "గౌరవనీయులైన చైర్ గారికి, బోర్డు సభ్యులకి నమస్కారం. ఈ అవకాశం ఇచ్చినందుకు కృతజ్ఞతలు. నేను 2009లో అమెరికా వచ్చాను, ఐటీలో పనిచేస్తాను, ఇద్దరు పిల్లలు, లౌడన్ అంటే మాకు చాలా ఇష్టం..." నలభై సెకన్లు అయిపోయాయి. ఏం కావాలో ఇంకా చెప్పలేదు.

ఇలా మార్చండి. చెప్పేది ఇంగ్లీషులోనే, నమూనా తెలుగులో ఇస్తున్నాను:

"చైర్ గారూ, నేను ఈ స్థలానికి ఆనుకుని ఉన్న కాలనీలో ఉంటాను. మీరు ఈ అప్లికేషన్‌ని ఒప్పుకునే ముందు మూడు షరతులు చేర్చమని అడగడానికి వచ్చాను. ఒకటి, డీజిల్ జనరేటర్ల టెస్టింగ్ పనిదినాల్లో పగటిపూటే జరగాలి. రెండు, జనరేటర్లు బిల్డింగుకి మా ఇళ్లవైపు కాకుండా రోడ్డువైపు ఉండాలి. మూడు, మధ్యలో ఉన్న పెద్ద చెట్లు కొట్టకూడదు. మా ఇంటి వెనక డెక్ మీద నిలబడితే ఆ చెట్ల వరస కనిపిస్తుంది. మా అమ్మ ఇండియా నుంచి వచ్చినప్పుడు పొద్దున్నే అక్కడే కూర్చుంటుంది. మీ స్టాఫ్ రిపోర్టు కూడా శబ్దం విషయం ఇంకా తేలలేదని రాసింది. ఈ మూడూ కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకోకపోతే ఈ రాత్రి ఓటు వేయకుండా వాయిదా వేయమని కోరుతున్నాను."

ఇందులో ముందే కోరిక ఉంది. కోరిక కూడా బోర్డు చేయగలిగేది. "డేటా సెంటర్ వద్దు" అంటే వాళ్లకి అవును, కాదు అని రెండే దారులు మిగులుతాయి. షరతులు అడిగితే మధ్యలో ఒక దారి దొరుకుతుంది, బోర్డు సభ్యులకి అలాంటి దారంటే ఇష్టం. స్పెషల్ ఎక్సెప్షన్‌కి షరతులు పెట్టొచ్చు. రీజోనింగ్ అయితే కంపెనీ తనంతట తాను ఇచ్చే హామీలుంటాయి, వాటిని ప్రాఫర్లు అంటారు. ఒకసారి ఆమోదమయ్యాక అవి ఆ భూమిని పట్టుకునే ఉంటాయి, యజమాని మారినా సరే.

పూర్తిగా వ్యతిరేకించాలనుకుంటే వ్యతిరేకించండి, మీ హక్కు. అయినా జేబులో షరతుల కాగితం ఉంచుకోండి.

అనకూడనివి రెండు. "ఇళ్ల విలువ పడిపోతుంది" అన్న మాట వాళ్లు రోజూ వింటారు, రుజువు లేకపోతే దాన్ని వదిలేయండి. "వచ్చే ఎన్నికల్లో చూస్తాం" అనొద్దు. వాళ్లకి తెలియదా?

పదిమంది వెళ్తే పదిమందీ ఇదే చెప్పొద్దు. ఒకరు శబ్దం, ఒకరు లారీల ట్రాఫిక్, ఒకరు చెట్లు. జనరేటర్ల పొగ పర్మిట్లు రాష్ట్ర పర్యావరణ శాఖ ఇస్తుంది, దాని గురించి ఎక్కువసేపు మాట్లాడి టైమ్ పోగొట్టుకోకండి. మైకు ఎక్కనివాళ్లు కూడా రావాలి. మాట్లాడేవాళ్లలో ఒకరు "మా కాలనీవాళ్లు లేచి నిలబడండి" అంటే నలభై మంది లేవడం ఎంత పనిచేస్తుందో చెప్పలేను. చప్పట్లు వద్దు, చాలా బోర్డులు ఒప్పుకోవు.

ఆ రాత్రి

ఏదైనా తిని వెళ్లండి. మీ వంతు రాత్రి పదింటికి రావచ్చు. పిల్లల్ని తీసుకెళ్తే హోంవర్క్ పుస్తకాలు కూడా. పేరు పిలిచాక పోడియం దగ్గరికి వెళ్లి మైకుని మీ ఎత్తుకి దించుకోండి, ఇది ఎవరూ చేయరు, తర్వాత వీడియోలో గొంతు సరిగ్గా వినిపించదు! పచ్చ లైటు, పసుపు, ఎరుపు. పసుపు పడగానే ఆఖరి వాక్యానికి వెళ్లిపోండి. అది ముందే కంఠస్థం చేసుకుని ఉండాలి.

మీరు ప్రశ్న అడిగినా బోర్డు సాధారణంగా అక్కడికక్కడ జవాబు చెప్పదు. మొదటిసారి నాకు ఒళ్లు మండింది, ఇంత చెబితే మొహం చూసి ఊరుకున్నారేమిటని. పద్ధతే అంత. అందరి మాటలూ అయ్యాక వాళ్లలో వాళ్లు చర్చించుకునేటప్పుడు వినండి. "ఒక నివాసి చెట్ల సంగతి అన్నారు కదా" అని ఎవరో ఒకరు కంపెనీ వకీలుని అడిగితే మీ మాట చేరినట్టు. ఆ అడిగిన సూపర్‌వైజర్ పేరు రాసుకోండి.

వేరే కౌంటీల్లో

టెక్సస్‌లో కాలిన్, డెంటన్ కౌంటీల్లో ఉన్నవాళ్లకి బోర్డు పేరు కమిషనర్స్ కోర్టు. దానికి అధ్యక్షత వహించే ఆయన్ని కౌంటీ జడ్జి అంటారు. అది కేసులు విచారించే కోర్టు కాదు, భయపడకండి. కానీ అక్కడ కౌంటీలకి మామూలుగా జోనింగ్ అధికారం ఉండదు, ఫ్రిస్కోలో మీ ఇంటి పక్క స్థలం గొడవైతే సిటీ కౌన్సిల్‌కి వెళ్లాలి. న్యూజెర్సీ ఎడిసన్‌లోనూ ముందు టౌన్‌షిప్పే. జార్జియా ఫోర్‌సైత్‌లో కమ్మింగ్ ఒక్కటే సిటీ కాబట్టి దాదాపు అంతా అయిదుగురు సభ్యుల కౌంటీ కమిషన్ చేతిలో ఉంటుంది. కాలిఫోర్నియాలో 1953 నాటి బ్రౌన్ యాక్ట్ (బహిరంగ సమావేశాల చట్టం) ప్రకారం మామూలు మీటింగ్‌కి ఎజెండా 72 గంటల ముందు పెట్టాలి. అక్కడ అనువాదకుడితో మాట్లాడేవాళ్లకి రెట్టింపు టైమ్ ఇవ్వాలి. అత్తగారు తెలుగులోనే చెబుతానంటే ఆపకండి.

ఓటయ్యాక

మర్నాడు పొద్దున్నే ఈమెయిల్. మీవైపు ఓటు వేసినవాళ్లకి థాంక్స్, వేయనివాళ్లకి కూడా రెండు లైన్లు, తిట్లు లేకుండా. వాయిదా పడితే తర్వాతి తేదీ క్యాలెండర్లో పెట్టుకోండి, ఎందుకంటే మళ్లీ హియరింగ్ పెట్టకుండానే ఓటు జరగొచ్చు. కమిటీకి వెళ్తే కమిటీ మీటింగ్‌కి కూడా ఎవరో ఒకరు వెళ్లాలి, ఖాళీ కుర్చీల మధ్య మీరొక్కరే ఉంటారు, అందరూ మిమ్మల్నే చూస్తారు.

ఆమోదమైపోయిందనుకోండి. చాలామంది అక్కడితో గ్రూపు మ్యూట్ చేస్తారు. ఆమోదించిన షరతుల కాపీ అడిగి తెచ్చుకోండి, కంపెనీ ఒప్పుకున్నవన్నీ అందులో నంబర్లతో ఉంటాయి. వాటిని తప్పితే జోనింగ్ ఎన్‌ఫోర్స్‌మెంట్‌కి ఫిర్యాదు చేయొచ్చు, కానీ ఎవరైనా గమనించి చెబితేనే వాళ్లు కదులుతారు. తేదీ, టైమ్, ఫోన్లో తీసిన చిన్న వీడియో, షరతు నంబరు. ఇంతే కావాలి.

మా ఇంట్లో ఆ కాగితం ఫ్రిజ్ మీద తిరుపతి క్యాలెండర్ పక్కనే అయస్కాంతం కింద ఉంది. దాని కింద పెన్సిలు కట్టి ఉంచాం. శనివారం పొద్దున చెట్ల అవతల జనరేటర్ మోగితే మా అమ్మాయి ముందు టైమ్ రాసి, తర్వాత నన్ను లేపుతుంది.